పాత జీపుకి కొత్త వైరింగ్ మనమే కట్టుకోవడం ఎలా

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఏపీ 03 నంబరుతో ఇంకా తిరుగుతున్న పాత జీపుల్లో చాలావాటికి ఇంజిన్ బాగానే ఉంటుంది, ఛాసిస్ గట్టిగానే ఉంటుంది. చెడిపోయేది వైరింగే. ఒక ఓనరు ఫాగ్ లైట్లకని హెడ్‌లైట్ వైరును మధ్యలో కోసి అతికిస్తాడు. తర్వాత కొన్నవాళ్లు పాటల డబ్బా కోసం వైపర్ వైరులోంచి కరెంటు లాగుతారు. ఆ తర్వాతివాళ్లు ఫ్యూజ్ ఊరికే పోతోందని దాని చోట రాగి పోగు చుట్టి వదిలేస్తారు. ఇరవై ఏళ్లు గడిచేసరికి డాష్‌బోర్డు కింద చెయ్యి పెడితే టేపు జిగురు అంటుకుంటుంది తప్ప, ఏ వైరు ఎక్కడికి పోతోందో ఎవరికీ తెలియదు. బాడీ కొత్తగా కట్టించి, మంచి పెయింటు వేయించి, లోపల మళ్లీ ఆ పాత కట్టనే తగిలించడం మాత్రం దయచేసి చేయకండి.

బండి మొత్తం విప్పి మళ్లీ కట్టుకుంటున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఛాసిస్ మీద ఫైబర్ బాడీ కూర్చోబెట్టి కిట్ కారులా తయారు చేసుకునేవాళ్లకూ ఇదే పద్ధతి. 12 వోల్టుల డీజిల్ జీపును లెక్కలోకి తీసుకున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. వైరింగ్ మార్చుకోవడం వేరు, ఇంజిన్ మార్చడం, బాడీ రూపం మార్చడం వేరు. ఆర్సీలో రాసి ఉన్నదానికి తేడా వచ్చే మార్పు ఏదైనా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకి వస్తుంది. అలాంటిది ఉంటే పని మొదలు పెట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి అనుమతి తీసుకోండి.

ఇంకోటి. వెల్డింగ్, డెంటింగ్, పెయింటింగ్ అంతా అయ్యాకే వైరింగ్. వైరింగ్ పూర్తయ్యాక ఎక్కడైనా చిన్న వెల్డింగ్ చేయాల్సి వస్తే బ్యాటరీ రెండు టెర్మినళ్లూ, ఆల్టర్నేటర్ వైర్లూ విప్పేసి చేయించండి. లేకపోతే ఆల్టర్నేటర్‌లో డయోడ్లు పోతాయి.

ముందు కాగితం, తర్వాతే కట్టర్

బండిలో కరెంటుతో పనిచేసేవన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. ఇప్పుడున్నవే కాదు, ఏడాదిలో పెట్టాలనుకుంటున్నవి కూడా. ప్రతిదాని ఎదురుగా నాలుగు విషయాలు ఉండాలి: ఎన్ని వాట్లు, ఎన్ని ఆంపియర్లు, తాళం తిప్పి ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడే రావాలా ఎప్పుడూ రావాలా, బండిలో ఎక్కడుంటుంది.

ఆంపియర్లు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. వాట్లను 12తో భాగిస్తే చాలు. మామూలు హెచ్4 బల్బు హై బీమ్‌లో 60 వాట్లు, లో బీమ్‌లో 55 వాట్లు. అంటే హై బీమ్‌లో ఒక్కో బల్బుకు 5 ఆంపియర్లు, రెండింటికీ 10. బ్రేక్ లైటు బల్బు 21 వాట్లు, రెండూ కలిపి మూడున్నర ఆంపియర్లు. ఇండికేటర్లు ఒక పక్కన ముందూ వెనకా కలిపి అంతే, నాలుగూ ఒకేసారి వెలిగే హజార్డ్‌కు 7. పార్కింగ్, టెయిల్, నంబర్ ప్లేట్ బల్బులు 5 వాట్లవి, అన్నీ కలిపినా రెండున్నర ఆంపియర్లు దాటడం అరుదు. హారన్, వైపర్ మోటార్, రేడియేటర్ ఫ్యాన్ లాంటివాటి మీద వాట్లు రాసి ఉండకపోవచ్చు. వాటిని విడిగా బ్యాటరీకి కలిపి, మధ్యలో మల్టీమీటర్ పెట్టి కొలవండి. మామూలు మీటర్లు 10 ఆంపియర్ల వరకే తట్టుకుంటాయి, ఫ్యాన్‌కు మాత్రం క్లాంప్ మీటరు అడిగి తెచ్చుకోండి. డీసీ కొలిచే క్లాంప్ మీటరే కావాలి, ఇళ్ల కరెంటు పనివాళ్ల దగ్గరుండే చాలా క్లాంప్ మీటర్లు ఏసీ మాత్రమే చూపిస్తాయి.

ఏది తాళంతో రావాలి, ఏది తాళంతో పని లేకుండా రావాలి అన్నది ఎవరికి వాళ్లు ఆలోచించుకోవాల్సిన విషయం. నా అభిప్రాయం చెబుతాను. బ్రేక్ లైట్లు, హజార్డ్, హారన్, హెడ్‌లైట్లు తాళానికి సంబంధం లేకుండా రావాలి. డీజిల్ బండి నడుస్తుండగా ఇగ్నిషన్ స్విచ్ లోపల పాడైతే, కేబుల్ లాగి ఆపే పాత ఇంజిన్ ఆగదు, బండి పోతూనే ఉంటుంది. తలకోన నుంచి రాత్రిపూట భాకరాపేట ఘాట్ దిగుతున్నప్పుడు అదే స్విచ్చుతో పాటు హెడ్‌లైట్లు కూడా ఆరిపోతే పరిస్థితి ఏమిటో ఊహించుకోండి. వైపర్, గేజ్‌లు, ఇండికేటర్లు, ఫ్యాన్ తాళంతో రావచ్చు. ఇంజిన్‌కు ఫ్యూయల్ కటాఫ్ సోలినాయిడ్ (తాళం తీయగానే డీజిల్ ఆపేసే కరెంటు వాల్వు) ఉంటే దానికి సొంత ఫ్యూజ్ పెట్టండి. దాంట్లో ఫోన్ ఛార్జర్‌తో సహా ఇంకేదీ కలపకూడదు. ఛార్జర్ షార్ట్ అయితే ఇంజిన్ ఆగిపోయే బండిని ఎవరికీ ఇవ్వకూడదు.

ఈ జాబితా చేతికి వచ్చాక ఒక్కో సర్క్యూట్‌ను ఒక్కో పేజీలో గీయండి. బ్యాటరీ నుంచి మొదలుపెట్టి ఫ్యూజ్, స్విచ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), లైటు, ఎర్త్ వరకు. మొత్తం బండిని ఒకే పెద్ద కాగితం మీద గీస్తే చూడ్డానికి బాగుంటుంది, కానీ రోడ్డు పక్కన టార్చి వెలుగులో చదవలేరు. ప్రతి వైరుకూ ఒక నంబరు ఇవ్వండి. రంగుల కంటే నంబరే నమ్మకం, ఎందుకంటే మన దగ్గర షాపుల్లో దొరికే రంగులు ఆరేడు, బండిలో వైర్లు యాభై పైచిలుకు. రంగులకూ ఒక పద్ధతి పెట్టుకోండి. నల్లది ఎర్త్‌కు తప్ప ఇంకే పనికీ వాడకూడదు. ఎర్రది ఎప్పుడూ కరెంటు ఉండేదానికే వాడాలి. ఈ రెండూ ఖాయంగా ఉంటే మిగతావి మీ ఇష్టం.

వైరు ఎంత లావు, ఫ్యూజ్ ఎంత

ఎక్కువ బండ్లు దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

ఫ్యూజ్ ఉన్నది లైటును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. వైరు ఎక్కడైనా బాడీకి తగిలి షార్ట్ అయితే, అది వేడెక్కి ఇన్సులేషన్ కరిగి మంటలు రాకముందే ఫ్యూజ్ తెగిపోవాలి. అందుకని క్రమం ఇలా ఉండాలి: లైటు తాగే కరెంటు కంటే ఫ్యూజ్ కొంచెం పెద్దది, ఫ్యూజ్ కంటే వైరు తట్టుకునేది ఇంకా పెద్దది. ఉదాహరణకు హజార్డ్‌కు 7 ఆంపియర్లు కావాలి. 10 ఆంపియర్ల ఫ్యూజ్ పెడతాం. వైరు 10 కంటే ఎక్కువ హాయిగా మోయగలగాలి, కాబట్టి ఇండికేటర్లను ఆర్పి వెలిగించే ఫ్లాషర్ దాకా 1.5 స్క్వేర్ ఎంఎం (లోపలి రాగి లావు, చదరపు మిల్లీమీటర్లలో) వైరు.

ఇంజిన్ గదిలో వేడి, కట్టలో వైర్ల ఇరుకు, మే నెలలో మన ఎండలు అన్నీ కలుపుకుని నేను పాటించే లెక్క ఇది: 0.75 వైరుకు 5 ఆంపియర్లు, 1 స్క్వేర్ ఎంఎంకు 8, 1.5కు 12, 2.5కు 20, 4కు 28. కంపెనీ పట్టికల్లో ఇంతకంటే ఎక్కువే రాసి ఉంటుంది. అది గాలి తగిలేలా ఒంటరిగా ఉన్న వైరుకు. ఇరవై వైర్లు ఒకే గొట్టంలో ఇంజిన్ పక్కన వేడిలో మగ్గుతుంటే అంత మోయదు.

వేడి ఒక్కటే కాదు, వోల్టేజీ దిగిపోవడం కూడా చూడాలి. ఒక స్క్వేర్ ఎంఎం రాగి వైరు మీటరు పొడవుకు సుమారు 0.0175 ఓమ్‌లు అడ్డుకుంటుంది. పాత జీపులో హెడ్‌లైట్ కరెంటు బ్యాటరీ నుంచి తాళం స్విచ్చుకు, అక్కడి నుంచి లైటు స్విచ్చుకు, డిమ్మర్‌కు (హై, లో మార్చే స్విచ్చు), మళ్లీ ముందుకు వస్తుంది. ఆ వైరు ఒక స్క్వేర్ ఎంఎం, దారి అయిదు మీటర్లు అనుకుని, 10 ఆంపియర్లు వెళ్తే, వైరులోనే దాదాపు 0.9 వోల్టు మాయమవుతుంది. అరిగిన స్విచ్‌లలో, తుప్పు పట్టిన కప్లర్లలో (వైర్లను కలిపే సాకెట్లు) ఇంకో అర వోల్టు. బల్బుకు చేరే వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు పదో వంతే తగ్గదు, 30 శాతం దాకా పడిపోతుంది. పాత జీపుల హెడ్‌లైట్లు కొవ్వొత్తుల్లా ఉంటాయని అందరూ బల్బులు మారుస్తారు. చాలాసార్లు తప్పు బల్బుది కాదు.

కొందరు ఇదే కారణంతో ఎక్కువ వాట్ల బల్బులు వేస్తారు. అదే సన్న వైరులో ఇంకా ఎక్కువ కరెంటు పోతుంది, ఇంకా ఎక్కువ వోల్టేజీ పడిపోతుంది, హోల్డర్ కరిగిపోతుంది, ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లు కూడా మూతపడతాయి. ఆ జోలికి పోకండి.

హెడ్‌లైట్లకు రిలే

దీనికి మందు రిలే. పెద్ద కరెంటు బ్యాటరీ నుంచి దగ్గరి దారిలో లైటుకు వెళ్తుంది, డాష్‌బోర్డు స్విచ్ దాకా వెళ్లేది రిలేని లాగడానికి సరిపోయే చిన్న కరెంటే, ఆంపియరులో అయిదో వంతు కూడా ఉండదు. స్విచ్ కూడా చాలా కాలం బతుకుతుంది.

నాలుగు పిన్నుల రిలే కింద 30, 87, 85, 86 అని రాసి ఉంటుంది. 30కి బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు, 87 నుంచి లైటుకు, 86కు డిమ్మర్ స్విచ్ నుంచి వచ్చే వైరు, 85కు ఎర్త్. హై బీమ్‌కు ఒక రిలే, లో బీమ్‌కు ఒకటి. 87 నుంచి బయటికి వచ్చాక ఎడమకు, కుడికి విడివిడిగా 10 ఆంపియర్ల ఫ్యూజులు పెట్టండి, మొత్తం నాలుగు. ఒక ఫ్యూజ్ పోతే ఒక కన్నే ఆరుతుంది, రెండో కన్నుతో ఇల్లు చేరతారు. ఒకే ఫ్యూజుతో రెండు లైట్లూ కట్టడం డబ్బు ఆదా అనిపిస్తుంది, ఘాట్‌లో అది ప్రాణాల మీదికి వస్తుంది. రిలేలను రేడియేటర్ పక్కన కాస్త ఎత్తులో, పిన్నులు కిందికి ఉండేలా బిగిస్తే నీళ్లు లోపల నిలవవు. బ్యాటరీ నుంచి రిలే దాకా 4 స్క్వేర్ ఎంఎం, అక్కడి నుంచి ఒక్కో లైటుకు 2.5 వేస్తే వోల్టేజీ నష్టం దాదాపు ఉండదు. ఆ 4 స్క్వేర్ ఎంఎం వైరు మొదట్లోనే, బ్యాటరీ దగ్గర, 25 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి.

హారన్ జంటకు, ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కు, ఫాగ్ లైట్లకు కూడా రిలే తప్పనిసరి. ఇండికేటర్లకు, టెయిల్ లైట్లకు అక్కర్లేదు. అన్నిటికీ రిలేలు పెట్టి డాష్‌బోర్డు నింపేస్తే పాడయ్యే చోట్లు పెరుగుతాయి తప్ప లాభం లేదు.

సామాను తెచ్చుకోవడం

బ్యాటరీ సంగతిలో మన ఊరికి కొదవ లేదు, అమర రాజా ఫ్యాక్టరీ కరకంబాడిలోనే ఉంది. వైరు, బ్లేడ్ ఫ్యూజులు, మామూలు థింబుల్స్ (వైరు చివర నొక్కే టెర్మినళ్లు), టేపు తిరుపతిలో ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతాయి. నీళ్లు చొరబడని కప్లర్లు, మంచి ఫ్యూజ్ బాక్సు, వైరు మీద తొడిగే నంబరు స్లీవులు కావాలంటే చెన్నై జీపీ రోడ్డు కానీ బెంగళూరు జేసీ రోడ్డు, ఎస్పీ రోడ్డు కానీ వెళ్లాలి. పాత బండ్ల నుంచి తీసిన ఫ్యూజ్ బాక్సులకు చెన్నైలోనే పుదుపేట ఉంది. ఏదో ఒక కారు ఫ్యూజ్ బాక్సు దాని వైరు ముక్కలతో సహా దొరికితే సంతోషంగా తెచ్చుకోండి, ఆ కప్లర్లు కొత్తగా కొనలేం.

వైరు కొనేటప్పుడు ఒక ముక్క చివర చెక్కి చూడండి. సన్నని పోగులు చాలా ఉండాలి, ఎర్రగా రాగి రంగులో ఉండాలి. గోరుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, వద్దు. ఇంటి గోడల్లో వేసే లావు పోగుల వైరు కూడా బండికి పనికిరాదు, అదురుకు విరిగిపోతుంది.

డబ్బు పెట్టాల్సిన పనిముట్టు ఒక్కటే ఉంది, రాట్చెట్ ఉన్న క్రింపింగ్ ప్లయర్. ఇన్సులేషన్ లేని టెర్మినళ్లకు సరిపోయే దవడలు దానికి ఉండాలి. కటింగ్ ప్లయర్‌తో నొక్కిన టెర్మినల్ చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, ఆరు నెలల్లో వదులవుతుంది.

తాడుతో దారి

వైరు కొయ్యకముందు బండిలో దారి వేసుకోవాలి. బట్టలారేసే నైలాన్ తాడు ఒక చుట్ట కొనండి. ఫ్యూజ్ బాక్సు పెట్టే చోటు నుంచి ప్రతి లైటుకూ, స్విచ్చుకూ తాడు లాగి, వైరు ఎలా పోవాలో అలాగే వంపులు తిప్పి, అక్కడక్కడా కేబుల్ టైలతో కట్టండి. ఎక్కడ చీలుతుందో అక్కడ రంగు టేపు చుట్టండి. బానెట్ మూసి తీసి చూడండి, స్టీరింగ్ రెండు పక్కలా పూర్తిగా తిప్పండి, పెడళ్లు తొక్కండి. ఎక్కడైనా తాడు తగులుతుంటే రేపు వైరు కూడా తగులుతుంది.

దారి వేసేటప్పుడు కొన్ని చోట్లు తప్పించాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, సైలెన్సర్ పైపు దగ్గరికి పోనివ్వద్దు. తప్పదంటే ఫైబర్‌గ్లాస్ స్లీవ్ తొడగండి. డీజిల్ పైపుకు, బ్రేక్ పైపుకు వైరును కట్టడం ఎప్పుడూ చేయకండి. డాష్ వెనక రేకులోంచి వైరు దాటే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్ ఉండాలి, రేకు అంచు అదురుతూ ఇన్సులేషన్‌ను బ్లేడులా కోస్తుంది. ఇంజిన్ తన మౌంటింగ్‌ల మీద ఊగుతుంది కాబట్టి ఛాసిస్ నుంచి ఇంజిన్‌కు వెళ్లే వైర్లకు ఒక వదులు వంపు వదలాలి.

నీళ్ల గురించి మన దగ్గర ప్రత్యేకంగా ఆలోచించాలి. ఇక్కడ పెద్ద వానలు నవంబరు, డిసెంబరుల్లో వస్తాయి, 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో చూశాం. జీపుకు తలుపులు కూడా సరిగా ఉండవు. ఫ్యూజ్ బాక్సును కాళ్ల దగ్గర కాకుండా డాష్‌బోర్డు కింద పైకి పెట్టండి. లైటులోకి దూరే ప్రతి వైరూ దూరే ముందు ఒకసారి కిందికి వంగి పైకి లేవాలి, అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

తాళ్లు మొత్తం అలాగే విప్పకుండా జాగ్రత్తగా బయటికి తీసి రెండు ప్లైవుడ్ షీట్ల మీద పరచండి. చుట్టూ గీత గీసి, చీలే చోట్ల మేకులు కొట్టండి. అదే మీ హార్నెస్ బోర్డు. దాని మీద వైర్లు ఒక్కొక్కటిగా వేయండి, పొడవైనవి ముందు, పొట్టివి తర్వాత. ప్రతి వైరుకూ రెండు చివర్లా నంబరు స్లీవు తొడిగాకే ఇంకో వైరు ముట్టుకోండి. ఒక్కో చివరన జానెడు ఎక్కువ వదలండి, కత్తిరించడం సులువు, పొడిగించడం అంటే ఇంకో జాయింటు. ముందు నుంచి వెనకదాకా రెండు ఖాళీ వైర్లు కూడా వేసి చివర్లు మూసేయండి. రేపు వెనక కెమెరానో, ట్రెయిలర్ లైటో పెట్టాలంటే కట్ట విప్పక్కర్లేదు.

కట్టను అప్పుడే టేపుతో చుట్టేయకండి. అక్కడక్కడా దారంతో కట్టి బండిలో పెట్టి చూసి, అన్నీ అందుతున్నాయని తేలాకే ముడతల గొట్టం తొడగాలి, గుడ్డ టేపు చుట్టాలి. మామూలు పీవీసీ టేపు మన ఎండకు జిగురు కారి జారిపోతుంది, కట్ట మీద అది వాడొద్దు.

టెర్మినల్ నొక్కడం

ఇన్సులేషన్‌ను 5, 6 మిల్లీమీటర్లు మాత్రం తీయాలి, ఒక్క పోగు కూడా తెగకూడదు. టెర్మినల్‌కు రెండు జతల రెక్కలుంటాయి. ముందు జత రాగిని పట్టాలి, వెనక జత ఇన్సులేషన్‌ను పట్టాలి. రెండో జత సరిగా పట్టకపోతే అదురు మొత్తం రాగి పోగుల మీద పడి అవి విరుగుతాయి. నొక్కాక గట్టిగా లాగి చూడండి. చేతికి ఊడొచ్చేది రోడ్డు మీద ఊడేదే.

మన వర్క్‌షాపుల్లో టంకం పెడితేనే గట్టిదని ఒక నమ్మకం ఉంది. బోర్డుల మీద, రేడియోలో టంకం బాగుంటుంది. బండిలో మాత్రం టంకం పోగుల మధ్య పైకి పాకి, అక్కడిదాకా వైరును కడ్డీలా బిగుసుకుపోయేలా చేస్తుంది. అది ఆగిన చోట వైరు అదురుకు విరుగుతుంది. సరిగా నొక్కిన క్రింప్ చాలు. వైర్లు మెలేసి టేపు చుట్టే పద్ధతికి ఈ బండిలో చోటు లేదు.

బయట గాలికి, నీటికి తగిలే ప్రతి టెర్మినల్ మీదా లోపల జిగురున్న హీట్ ష్రింక్ తొడిగి వేడి చేయండి. అంచున కొంచెం జిగురు బయటికి వస్తే సరిగా మూసుకున్నట్టు.

ఎర్త్: సగం రోగాలకు మూలం

పాజిటివ్ వైపు ఎంత శ్రద్ధ పెడతామో అంత శ్రద్ధ తిరుగు దారికీ పెట్టాలి. ఇనుప బాడీ జీపులో బాడీయే తిరుగు దారి. ఫైబర్ బాడీలో ఆ దారి లేదు. అందుకని ప్రతి లైటుకూ నల్ల వైరు విడిగా వేయాలి. ముందు, డాష్‌బోర్డు దగ్గర, వెనక ఒక్కో చోట ఛాసిస్‌కు బోల్టు వెల్డ్ చేయించుకుని, ఆ చుట్టుపక్కల నల్ల వైర్లన్నీ అక్కడికే తీసుకురండి.

బోల్టు పెట్టే చోట పెయింటు, తుప్పు గీకి మెరిసే ఇనుము కనిపించాలి. లగ్ (వైరు చివరి రింగు టెర్మినల్) కింద పళ్లున్న వాషర్ వేసి, బిగించి, పైన వాసెలిన్ పూయండి. పెయింటు మీద బిగించిన ఎర్త్ ఒక రోజు పనిచేస్తుంది, ఒక రోజు చేయదు.

బ్యాటరీ నెగటివ్ నుంచి ఛాసిస్‌కు ఒకటి, ఛాసిస్ నుంచి ఇంజిన్‌కు ఇంకొకటి, రెండూ సెల్ఫ్ మోటార్ కేబుల్ అంత లావు ఉండాలి, 35 స్క్వేర్ ఎంఎంకు తగ్గకుండా. ఇంజిన్ రబ్బరు మౌంటింగ్‌ల మీద కూర్చుని ఉంటుంది, దానంతట అది ఛాసిస్‌కు తగలదు. ఈ రెండో కేబుల్ మరిచిపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు వందల ఆంపియర్లు యాక్సిలరేటర్ కేబుల్ గుండా తిరిగి వెళ్లడానికి చూస్తాయి. కేబుల్ ఎర్రగా కాలిపోతుంది, కారణం అర్థం కాక కొత్త కేబుల్ వేస్తే అదీ కాలుతుంది.

బ్రేక్ తొక్కితే ఇండికేటర్ మసగ్గా వెలుగుతోందా? ఇండికేటర్‌తో పాటు టెయిల్ లైటు ఆరి వెలుగుతోందా? ఆ లైటు ఎర్త్ పోయింది, కరెంటు పక్క బల్బు గుండా దారి వెతుక్కుంటోంది. స్విచ్‌లు మార్చేముందు అక్కడ చూడండి.

ఆల్టర్నేటర్, ఫ్లాషర్

ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి వెళ్లే వైరు 10 స్క్వేర్ ఎంఎం వేయండి. డాష్‌బోర్డులో ఛార్జింగ్ ఎర్ర లైటు ఉంటుంది కదా, అది అలంకారానికి కాదు. చాలా ఆల్టర్నేటర్లకు మొదట ఛార్జింగ్ మొదలవ్వడానికి కావాల్సిన చిన్న కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. అక్కడ ఉత్త ఎల్ఈడీ పెడితే కరెంటు సరిపోక ఆల్టర్నేటర్ లేవకపోవచ్చు. 2, 3 వాట్ల మామూలు బల్బే ఉంచండి.

ఇండికేటర్లకు ఎల్ఈడీ బల్బులు వేస్తే పాత ఫ్లాషర్‌తో టకటకా కొట్టుకుంటాయి. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ మార్చుకుంటే సరి.

బ్యాటరీ కలిపే రోజు

తొందర పడకూడని రోజు ఇదే. ఉంగరం, కడియం, చేతి గొలుసు తీసేయండి. స్పానర్‌కూ బాడీకీ మధ్య బంగారం పడితే వేలు కాలిపోతుంది. మంటలార్పే సిలిండర్ ఒకటి చేతికందేలా పెట్టుకోండి.

ముందు బ్యాటరీ లేకుండానే మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి ప్రతి వైరూ రెండు చివరలా పలుకుతోందో లేదో, నంబరుతో సరిచూడండి. తర్వాత బల్బులు తీసేసి, ప్రతి పాజిటివ్ వైరుకూ ఛాసిస్‌కూ మధ్య బీప్ రాకూడదు.

ఫ్యూజులన్నీ తీసేయండి. బ్యాటరీ పక్కన, ఫ్యూజ్ బాక్సుకు వెళ్లే వైరు మొదట్లో మెయిన్ ఫ్యూజ్ పెట్టే చోట ఫ్యూజుకు బదులు ఒక 21 వాట్ల బ్రేక్ బల్బును రెండు వైర్లతో కలపండి. హెడ్‌లైట్ వైరు మొదట్లో ఉన్న 25 ఆంపియర్ల ఫ్యూజ్ చోటునూ తర్వాత ఇలాగే పరీక్షించాలి. బ్యాటరీ పాజిటివ్ ముందు, నెగటివ్ చివర కలపండి. ఎక్కడ షార్ట్ ఉన్నా ఈ బల్బు నిండుగా వెలుగుతుంది, కరెంటు రెండు ఆంపియర్లు దాటదు, ఏ వైరూ కాలదు. బల్బు ఆరి ఉంటే, ఫ్యూజులు ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోండి. ఏ ఫ్యూజ్ పెట్టగానే, స్విచ్ వేయకుండానే, బల్బు నిండుగా వెలిగిందో ఆ సర్క్యూట్‌లో తప్పుంది. స్విచ్ వేసినప్పుడు బల్బు వెలిగి లైటు మసగ్గా ఉండటం మామూలే, రెండూ వోల్టేజీ పంచుకుంటాయి. అన్నీ గడిచాక బల్బు తీసి అసలు ఫ్యూజ్ పెట్టండి. ఈ మెయిన్ ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరం దాటకూడదు, ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య ఉన్న వైరును కాపాడేది ఏదీ లేదు.

బ్యాటరీ తలకిందులుగా కలిపితే ఆల్టర్నేటర్ డయోడ్లు అక్కడికక్కడే పోతాయి. గుర్తులు రెండుసార్లు చూసుకోండి.

ఇప్పుడు ఇంజిన్ లేపి హెడ్‌లైట్లు వేయండి. బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. మీటరు ఒక మొన బ్యాటరీ పాజిటివ్ మీద, ఇంకోటి హెడ్‌లైట్ పాజిటివ్ పిన్ను మీద పెడితే అర వోల్టు లోపు రావాలి. బ్యాటరీ నెగటివ్‌కూ హెడ్‌లైట్ ఎర్త్‌కూ మధ్య 0.2 లోపు. ఎక్కువ వస్తే ఆ దారిలో ప్రతి జాయింటుకూ అటూ ఇటూ కొలుచుకుంటూ వెళ్లండి, వోల్టేజీ తగ్గిపోయిన జాయింటు దొరుకుతుంది. ఇంజిన్ ఆపి, తాళం తీసి, నెగటివ్ కేబుల్ విప్పి మధ్యలో మీటరును ఆంపియర్లలో పెడితే 50 మిల్లీఆంపియర్లు దాటకూడదు. దాటితే తెల్లారేసరికి కాకపోయినా కొన్ని వారాల్లో బ్యాటరీ దిగిపోతుంది.

బండి రోడ్డెక్కాక

మొదటి వెయ్యి కిలోమీటర్లు ఘాట్‌లకూ తలకోన మట్టిరోడ్లకూ వెళ్లకుండా ఊరి చుట్టూ తిప్పండి. నెల తర్వాత అన్ని ఎర్త్ బోల్టులూ మళ్లీ బిగించండి, కొత్త వాషర్లు కుదురుకుని కొంచెం వదులవుతాయి. రాత్రి గంటసేపు లైట్లతో నడిపి ఆపాక రిలేలనూ ఫ్యూజ్ బాక్సునూ చేత్తో ముట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. ఏదైనా ఒక్క పిన్ను చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే అది వదులుగా ఉంది, ఆ టెర్మినల్ మార్చండి.

నోటుబుక్కులోని పేజీలను జిరాక్స్ తీయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, సీటు కింద ఉంచండి. దాంతో పాటు ఒక్కో రకం ఫ్యూజులు నాలుగు, ఒక రిలే, ఒక హెచ్4 బల్బు, రెండు మీటర్ల వైరు. మొగిలి ఘాట్‌లో అర్ధరాత్రి బండి ఆగితే, సాయానికి వచ్చే మెకానిక్ అన్న మీ బండిని మొదటిసారి చూస్తుంటాడు. 14వ నంబరు వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో ఆ కాగితం చూసి చెప్పగలిగితే పది నిమిషాల్లో పని అవుతుంది. తర్వాత మీరు ఏ చిన్న వైరు కలిపినా ఆ రోజే ఆ పేజీలో రాయండి, కవర్లో ఉన్న జిరాక్స్ కూడా మార్చండి.